ధర ముందు చెప్పరు, తర్వాతే తెలుస్తుంది: ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫామ్ నుంచి టోక్యో బార్ దాకా

ఖరగ్‌పూర్ జంక్షన్‌లో ఫలక్‌నుమా ఆగేది కొద్ది నిమిషాలే. ఆ కాస్త సేపట్లో పెట్టె గుమ్మం దగ్గర ఇరవై రూపాయల నోటు చేతులు మారుతుంది, నీళ్ల సీసా లోపలికి వస్తుంది. చిల్లర మాత్రం రాదు. అడిగితే "చిల్లర లేదు", గట్టిగా అడిగితే "కూలింగ్ చార్జీ". ఈలోపు బండి కదులుతుంది.

లీటరు రైల్ నీర్ సీసా ధర 14 రూపాయలు. జీఎస్టీ తగ్గింపు అమల్లోకి వచ్చిన 2025 సెప్టెంబర్ 22 నుంచి రైల్వే దాన్ని 15 నుంచి 14కు, అర లీటరు సీసాను 10 నుంచి 9కి తగ్గించింది. స్టేషన్లలో, రైళ్లలో అమ్మడానికి అనుమతి ఉన్న ఇతర కంపెనీల సీసాలకూ అదే ధర. అంటే ఇరవై ఇచ్చి ఊరుకున్నవాళ్లు 14 రూపాయల వస్తువు మీద ఆరు రూపాయలు, నూటికి దాదాపు 43 వంతున అదనంగా ఇచ్చినట్టు. బంగారం కొట్లో ఎవరైనా ఇంత శాతం ఎక్కువ అడిగితే మనం మెట్లు దిగి వచ్చేస్తాం. ఇక్కడ దిగలేం. దాహం వేస్తోంది, బండి కదులుతోంది, "ఆరు రూపాయల కోసం గొడవేమిటి" అని పక్క సీటాయన చూస్తున్నాడు. ఆ మొహమాటమే అమ్మేవాడి పెట్టుబడి.

సుభాష్‌పల్లిలాంటి రైల్వే పేటల్లో ఉండేవాళ్లకు ఇది కొత్త కథేమీ కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో వర్క్‌షాపు పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో తరాలుగా ఉన్నాయి. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకున్నది ప్రధానంగా ఈ ఊరి జనాభాను చూసే. ఇక్కడివాళ్లు బెంగాలీలో బేరమాడతారు, హిందీలో పోట్లాడతారు. ఇబ్బందల్లా శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో వచ్చే చుట్టాలకి. కోల్‌కతాలో ఆస్పత్రి, పూరీలో దర్శనం, దీఘాలో సముద్రం, ఏ పని మీద వచ్చినా రెండు మూడు చోట్ల జేబు ఖాళీ అవుతుంది. ఇంటికి చేరాక "ఎంత ఇచ్చావు? అయ్యో, అంతా?" అన్న మాట వినని ఇల్లు ఉండదు.

ఒక తేడా ముందే గుర్తుపెట్టుకుంటే తర్వాతి గందరగోళం చాలా తగ్గుతుంది. ధర ఎక్కువగా ఉండటం మోసం కాదు. పెద్ద హోటల్లో కాఫీ 300 రూపాయలుంటే, ఆ సంగతి మెనూలో రాసి ఉంటే, తాగాలా వద్దా అన్నది మన ఇష్టం. తాగేదాకా ధర చెప్పకపోవడం, చెప్పిన ధర ఒకటైతే బిల్లులో వేసింది మరొకటి కావడం, చట్టం గీసిన గీత దాటి వసూలు చేయడం, ఇవీ మోసాలు. నీళ్ల సీసా మూడో రకం. టాక్సీ, పూజ, బార్ ఎక్కువగా మొదటి రెండు రకాల్లోకి వస్తాయి. రకాన్ని బట్టి మందు వేరు.

సీసా మీద అచ్చేసిన ధర

2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమాడిటీస్ నిబంధనల్లో 18(2) అనే చిన్న నిబంధన ఉంది. ప్యాకెట్ మీద అచ్చేసిన గరిష్ఠ చిల్లర ధర, అంటే ఎమ్మార్పీ కంటే ఎక్కువకు ఏ చిల్లర వర్తకుడూ అమ్మకూడదు. అన్ని పన్నులూ అందులోనే ఉంటాయి కాబట్టి "జీఎస్టీ వేరే" అనడానికి వీల్లేదు. ఫ్రిజ్‌లో పెట్టినందుకు రెండు రూపాయలు కలపడానికీ వీల్లేదు. ఒకే వస్తువుకు సినిమా హాల్లో ఒక ఎమ్మార్పీ, బజారులో మరో ఎమ్మార్పీ వేసే పద్ధతిని కూడా 2018 జనవరి 1 నుంచి ఆపేశారు.

మరి హోటల్లో కూర్చుంటే అదే సీసాకు 60 ఎందుకు వేస్తారు? దానికి అనుమతి ఉంది. 2017 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, హోటళ్లూ రెస్టారెంట్లూ అమ్మేది ఒట్టి సీసాను కాదు. కుర్చీ, చల్లగాలి, వడ్డన అన్నీ కలిసిన సేవ అది. కాబట్టి ఎమ్మార్పీ గీత వాళ్లకు వర్తించదు. వినియోగదారుడి వైపు నుంచి చూస్తే ఈ తర్కం నాకు పూర్తిగా మింగుడుపడదు, కానీ చట్టం అదే. అందుకే రెస్టారెంట్లో "సీలు సీసానా, మామూలు నీళ్లా?" అని అడిగినప్పుడు మామూలు నీళ్లు అనడం మంచిది. ప్లాట్‌ఫామ్ మీది స్టాలుకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. అక్కడ ధర నిర్ణయించేది రైల్వే.

వండిన భోజనానికి ఎమ్మార్పీ ఉండదు కదా అనుకోవచ్చు. రైల్వేలో దానికీ పట్టిక ఉంది. మెయిల్, ఎక్స్‌ప్రెస్ బండ్లలో ప్రామాణిక శాకాహార భోజనం 80 రూపాయలు, స్టేషన్లో 70. కోడిగుడ్డు కూరతో అయితే బండిలో 90, కోడి కూరతో 130. జనరల్ పెట్టెల వాళ్ల కోసం 2023లో తెచ్చిన ఎకానమీ మీల్ 20 రూపాయలు. అందులో ఏడు పూరీలు, పొడి ఆలూ కూర, పచ్చడి ఉంటాయి. ఈ అంకెలు తెలియకపోవడమే చాలామందికి నష్టం. ప్యాంట్రీ మనిషి "వెజ్ థాలీ 150" అన్నప్పుడు అడగాల్సింది ఒక్కటే: "పట్టికలో ఉన్న 80 రూపాయల భోజనం ఇవ్వండి." కొన్నిసార్లు దానికి ఒక పనీర్ గిన్నె చేర్చి ప్రత్యేక థాలీ అంటారు. ప్రత్యేకం అయితే దానికీ ఒక ధరల కార్డు ఉండాలి. చూపించమనండి. బిల్లు ఇవ్వకపోతే డబ్బు ఇవ్వనక్కర్లేదన్న నియమాన్ని రైల్వే 2019 నుంచి ప్రచారం చేస్తోంది. బిల్లు అడిగిన క్షణంలో 150 కాస్తా 80కి దిగడం చాలామంది ప్రయాణికులు చూసే ఉంటారు.

అమ్మే కుర్రాడి సంగతీ ఒక మాట చెప్పుకోవాలి. బకెట్ మోసుకుని పెట్టెలన్నీ తిరిగే వెండర్లలో చాలామందికి అమ్మకం మీద వచ్చే కమీషనే ఆధారం. లైసెన్సు ఫీజు కట్టిన కాంట్రాక్టరు పైన ఉంటాడు, ఎండలో పరుగెత్తేది కింద ఇతను. ఇరవై నోటుకు చిల్లర ఇవ్వకపోవడం అతని తప్పే, కానీ ఆ అలవాటు పుట్టింది మాత్రం పైన. కుర్రాడిని తిట్టడం వల్ల ఏమీ మారదు. 139కి ఫోన్ చేసినా, రైల్‌మదద్ యాప్‌లో రాసినా ఫిర్యాదు కాంట్రాక్టరు దాకా పోతుంది, జరిమానా పడితే అతనికి పడుతుంది. పీఎన్ఆర్ నంబరు, పెట్టె నంబరు, ఏ స్టేషన్ దాటాక జరిగింది, ఎంత తీసుకున్నారు, ఈ నాలుగూ ఉంటే చాలు. వీలైతే సీసా లేబుల్ ఫొటో. డబ్బు యూపీఐలో పంపితే రుజువు దానంతటదే మిగులుతుంది. సరిగ్గా 14 రూపాయలే పంపవచ్చు కూడా, చిల్లర తగాదా రాదు.

హోటళ్ల దగ్గర మరో రెండు వరుసలు చూసుకోవాలి. ఒకటి సర్వీస్ చార్జీ. బిల్లులో దాన్ని తనంతట తానుగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కౌంటర్ దగ్గర "తీసేయండి" అంటే తీసేయాలి. రెండోది గది మీద జీఎస్టీ. రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదికి 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమే. దీఘాలో 2025 ఏప్రిల్ 30న జగన్నాథ ఆలయం ప్రారంభమయ్యాక గదులకు గిరాకీ పెరిగింది. పండగ రోజుల్లో అద్దె పెంచితే చేయగలిగింది తక్కువ. 12 శాతం పన్ను వేస్తే మాత్రం అడగవచ్చు. ఇంకో చిన్న కిటుకు: కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న హోటళ్లకు కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చేసే హక్కే లేదు, ఆ సంగతి బిల్లు మీద రాసి ఉండాలి. రాసి ఉండి కూడా కింద జీఎస్టీ కలిపారంటే అది నేరుగా వాళ్ల జేబులోకే.

పిలిచే మనిషి

ధర అచ్చేసి లేని చోట్ల లెక్క మారుతుంది. పూరీ స్టేషన్ బయట "రండి, రండి, గది కావాలా?" అని తెలుగులోనే పలకరించే ఆటో మనిషి ఉంటాడు. పరాయి రాష్ట్రంలో తెలుగు మాట వినబడితే మెత్తబడిపోవడం మన బలహీనత. మీరు చెప్పిన హోటల్ "మూసేశారు" అనో "నిండిపోయింది" అనో చెప్పి ఇంకోచోటికి తీసుకెళ్తాడు. ఆ ఇంకోచోట మీ గది అద్దెలో అతని కమీషన్ కలిసి ఉంటుంది. హోటలువాడు దాన్ని తన జేబులోంచి ఇవ్వడు కదా. కాబట్టి వీధిలో ఎవరైనా ఉచితంగా దారి చూపిస్తున్నారంటే ఆ కూలి మీ బిల్లులో వరుసగా వచ్చేస్తుంది, పేరు మాత్రం రాసి ఉండదు. హోటలుకు మీరే ఫోన్ చేసి "గది ఉందా" అని అడగడం అర నిమిషం పని.

గుడి దగ్గర విషయం ఇంత సూటిగా ఉండదు. ఉత్తరాంధ్ర కుటుంబాలకు పూరీలో వంశపారంపర్యంగా పండాలు ఉన్నారు. తాతల పేర్లు వాళ్ల పుస్తకాల్లో ఉంటాయి. దాన్ని వ్యాపారం అని ఒక్క మాటలో కొట్టిపారేయలేం. కానీ జగన్నాథుడి సాధారణ దర్శనానికి రుసుము లేదు. ఎవరైనా "దర్శనానికి ఇంత" అంటే అది దర్శనం ధర కాదు, వెంట వచ్చినందుకు ఆయన అడిగే దక్షిణ. ఎంతో లోపలికి వెళ్లకముందే మాట్లాడుకోవాలి. సంకల్పం చెప్పించి, చేతిలో పూలు పెట్టి, పెద్దవాళ్ల ఎదుట "మీ ఇష్టం, కానీ వెయ్యిన్నూట పదహార్లు ఇస్తారు అందరూ" అంటే కాదనడం కష్టం. దేవుడి ముందు బేరమేమిటన్న సిగ్గు కూడా తోడవుతుంది. ఆనంద బజారులో మహాప్రసాదం కొనేటప్పుడూ అంతే. కుండ ఎంత, అందులో ఎంతమందికి సరిపోతుంది అని ముందే అడిగితే తర్వాత మాట పెరగదు.

హౌరాలో చాలామందికి తగిలే దెబ్బ టాక్సీ. స్టేషన్ బయట ప్రీపెయిడ్ బూత్ ఉంది. రసీదు తీసుకుని దాన్ని దిగేటప్పుడే డ్రైవరుకు ఇవ్వాలి, ఎక్కగానే ఇచ్చేస్తే సగం దారిలో "ఇంకో వంద" అన్నప్పుడు మీ చేతిలో ఏమీ ఉండదు. రాష్ట్ర ప్రభుత్వ యాప్ యాత్రీ సాథీలో పిలిచినా ఛార్జీ ముందే కనిపిస్తుంది. యాప్ ఏదైనా సరే, డ్రైవరు "క్యాన్సిల్ చేసి నాకు డబ్బులివ్వండి" అంటే ఒప్పుకోవద్దు. క్యాన్సిల్ చేశాక ఆ ప్రయాణానికి రికార్డు ఉండదు, ముందు చూపిన ధరకు విలువా ఉండదు. నా మట్టుకు హౌరాలో అన్నిటికన్నా సుఖమైన మార్గం హుగ్లీ నది కిందుగా పోయే మెట్రో. 2024 మార్చిలో మొదలైంది. హౌరా నుంచి ఎస్ప్లనేడ్‌కు పది రూపాయలు. గేటు యంత్రంతో బేరం లేదు.

అదే కిటుకు, రాత్రి పూట

పిలిచే మనిషి ఆటోవాడే కానక్కర్లేదు. 2024 జూన్‌లో హైదరాబాద్ మాదాపూర్ పోలీసులు పట్టుకున్న ముఠా కథలో పిలిచింది డేటింగ్ యాప్. యాప్‌లో పరిచయమైన అమ్మాయి ఒక పబ్‌లో కలుద్దామంటుంది, ఖరీదైన మద్యం ఆర్డర్ చేస్తుంది, కాసేపటికి ఏదో పని పడిందని వెళ్లిపోతుంది. బిల్లు వేలల్లో ఉంటుంది, పంపకం తర్వాత జరుగుతుంది. పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది బయటికి చెప్పలేదు. పరువు పోతుందని. పూరీలో దేవుడి ముందు సిగ్గు, ఇక్కడ ఇంట్లో వాళ్ల ముందు సిగ్గు, రెండూ వసూలు చేసేవాడికే పనికొస్తున్నాయి.

జపాన్‌లో ఈ పద్ధతికి ఒక పేరే ఉంది, "బొత్తకురి" అంటారు. చదువుకూ ఉద్యోగానికీ విహారానికీ అక్కడికి వెళ్లే తెలుగువాళ్లు పెరుగుతున్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్పడం అవసరం. టోక్యోలో షింజుకు స్టేషన్ పక్కన కబుకిచో అనే వినోదాల పేట ఉంది. వీధిలో మనిషి ఎదురై "3,000 యెన్లకు ఎంత తాగితే అంత" అంటాడు. మెట్లెక్కి లోపలికి వెళ్తే, బయటికి వచ్చేటప్పుడు బిల్లులో కూర్చున్నందుకు, టేబులుకు, ఐసుకు, రాత్రి వేళకు, పక్కన కూర్చున్న అమ్మాయి తాగినదానికి విడివిడిగా వరుసలు ఉంటాయి. ఆ వీధుల్లో లౌడ్‌స్పీకర్లు పిలుపులు నమ్మవద్దని హెచ్చరిస్తూ ఉంటాయి, వాటి కిందే పిలిచేవాళ్లు నిలబడి ఉంటారు. రొప్పొంగి, కబుకిచో ప్రాంతాల్లో పానీయంలో మత్తుమందు కలిపి కార్డుల మీద పెద్ద మొత్తాలు గీసేసిన సంఘటనల గురించి అమెరికా రాయబార కార్యాలయం తన పౌరులను చాలాకాలంగా హెచ్చరిస్తోంది.

చట్టం లేక కాదు. బలవంతపు వసూళ్ల మీద, తప్పుడు ధర చెప్పి లోపలికి రప్పించడం మీద టోక్యో నగర ప్రభుత్వం 2000లోనే ప్రత్యేక నిబంధన తెచ్చింది. షింజుకు వార్డు 2013లో వీధి పిలుపుల మీద నిషేధం పెట్టింది. అందువల్ల కొత్తవాళ్లకు ఒక సులువైన గుర్తు దొరికింది: వీధిలో నిలబడి పిలవడమే తప్పయిన చోట, పిలిచినవాడు ఆ ఒక్క పనితోనే తానెవరో చెప్పేసుకున్నాడు. అతను తీసుకెళ్లే చోటికి వెళ్లవద్దు, అంతే. మంచి చోట్లకు వీధిలో మనుషుల్ని పెట్టుకోవాల్సిన అవసరం ఉండదు.

అలాగని ప్రతి అదనపు వరుసా మోసం కాదు, ఇక్కడ మనవాళ్లు తరచూ పొరబడతారు. జపాన్ ఇజకయాల్లో, అంటే మన బార్ అండ్ రెస్టారెంట్‌లాంటి చోట్ల, కూర్చోగానే చిన్న గిన్నెలో ఏదో తెచ్చి పెడతారు. దాన్ని "ఒతోషి" అంటారు. మీరు అడగకపోయినా మనిషికి 300 నుంచి 500 యెన్ల దాకా బిల్లులో ఉంటుంది. అది అక్కడి ఆచారం, కూర్చున్నందుకు ఇచ్చే రుసుములాంటిది. దాని మీద గొడవపడితే నవ్వులపాలవుతాం. టిప్పు ఇచ్చే అలవాటు మాత్రం అక్కడ లేదు. 2021 ఏప్రిల్ 1 నుంచి చిల్లర ధరలను పన్నుతో కలిపి చూపడం తప్పనిసరి కాబట్టి మెనూలో రెండు అంకెలుంటే పెద్దదే మీరు ఇవ్వాల్సింది. మెనూలో అంకెలే లేకపోతే లేచి రావడం మేలు.

ఒకవేళ ఇరుక్కుపోతే? టోక్యోలోనైనా మాదాపూర్‌లోనైనా మొదటి గంటే కీలకం. వరుసల వారీగా బిల్లు అడిగి ఫొటో తీసుకోవాలి. "ముందు చెప్పింది ఇంత, అది ఇస్తాను" అనాలి, గొంతు పెంచకుండా. "ఏటీఎంకు వెళ్దాం పద" అని తోడు వస్తే వెళ్లకూడదు. జపాన్‌లో అయితే "పోలీసు పెట్టె దగ్గర మాట్లాడుకుందాం" అంటే చాలు. వీధి మూలల్లో కోబాన్ అనే చిన్న పోలీసు స్టేషన్లు ఉంటాయి, అత్యవసర నంబరు 110. అక్కడి పోలీసులు ధర న్యాయమా కాదా అని తేల్చరు, అది సివిల్ తగాదా అంటారు. కానీ బెదిరింపు ఆగుతుంది, మీరు బయటపడతారు. మన దేశంలో 112. కార్డు గీసి ఉంటే బ్యాంకుకు వెంటనే ఫోన్ చేసి ఆపించాలి, ఆన్‌లైన్‌లో డబ్బు కాజేసినట్టయితే 1930. ఒంటరిగా కొట్లాటకు మాత్రం దిగవద్దు. పోయేది కొన్ని వేలే అనుకుంటే ప్రాణం మీదికి రాకుండా ఉంటుంది.

ఇంటికొచ్చాక

ఇక్కడే చాలామంది వదిలేస్తారు. పూరీలో జరిగింది, పూరీ వెళ్లి కేసు వేస్తామా అని. వెళ్లనక్కర్లేదు. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటి జిల్లా కమిషన్‌లో కేసు వేయవచ్చు. హోటల్ ఒడిశాలో ఉన్నా సుభాష్‌పల్లి మనిషి పశ్చిమ మేదినీపూర్ జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు, శ్రీకాకుళం చుట్టం శ్రీకాకుళంలో వేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే రుసుము లేదు. లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే దాఖలు చేయవచ్చు.

ఆరు రూపాయలకు కమిషన్ దాకా ఎవరూ వెళ్లరు, నిజమే. దానికి 1915 ఉంది, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. పదిహేడు భాషల్లో మాట్లాడతారు, వాటిలో తెలుగు ఒకటి. బెంగాలీలోనో ఒడియాలోనో పోట్లాడలేక డబ్బిచ్చి వచ్చిన మనిషి తన కష్టం తన భాషలో చెప్పుకోగల చోటు అది. 8800001915కి వాట్సాప్‌లో బిల్లు ఫొటో పంపినా తీసుకుంటారు. బిల్లు ఉంటేనే, అందుకే పుచ్చుకోండి.